మూసీ వరదకి మందు ఊరి బయట వెతికిన ఇంజినీరు

ఈ వారం ఎపిసోడ్‌లో హైదరాబాద్ మూసీ వరద గురించి, ఆ తర్వాత నగరాన్ని మార్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించి మాట్లాడుకున్నాం. ఆడియోలో లెక్కలు చెబితే చెవికి ఎక్కవు. డ్యూటీ బస్సులో వినేవాళ్లకి మరీ కష్టం. అందుకే ఆ లెక్కలూ, ఆయన జీవితంలో ముఖ్యమైన సంగతులూ ఇక్కడ వరసగా రాస్తున్నాను. వందేళ్ల కిందటి ఇంజినీరుకీ, మనం ఖతార్ నుంచి డబ్బు పంపి కొనే ప్లాటుకీ సంబంధం ఏంటి అనిపించొచ్చు. సంబంధం ఉంది. అది కూడా చివర్లో రాశాను, వదలకుండా చదవండి.

మోక్షగుండం అంటే ఊరు

ఆయన పేరు ముందున్న మోక్షగుండం ఒక ఊరి పేరు. గిద్దలూరు వైపు ఉంటుంది. పెద్దలు అక్కడి నుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్లారు. ఆయన పుట్టింది 1861 సెప్టెంబర్ 15న, చిక్‌బళ్లాపూర్ దగ్గర ముద్దెనహళ్లిలో. ఊరు కన్నడ ఊరే అయినా ఇంట్లో మాట తెలుగు. అంటే వలస వెళ్లిన తెలుగు కుటుంబంలో పుట్టినాయన.

తండ్రి చిన్నప్పుడే పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివేటప్పుడు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ గడుపుకున్నారు. 1881లో బీఏ అయింది. తర్వాత మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే పూనా వెళ్లి ఇంజినీరింగ్ చదివి, 1883లో ఫస్ట్ ర్యాంకుతో పాసయ్యారు. 1884లో బొంబాయి ప్రభుత్వం పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు.

ఆయనకి పేరు ఎక్కువగా 1900 తర్వాత వచ్చింది. కానీ చదువు, పని నేర్చుకున్నది అంతా 19వ శతాబ్దంలోనే. అప్పుడు టోటల్ స్టేషన్ లేదు, కంప్యూటర్ డ్రాయింగ్ లేదు. లెవల్ మెషీను, కొలత గొలుసు, నోట్‌బుక్కు, గుర్రం. ఆ కాలం ఇంజినీరు సైటంతా తన కళ్లతో చూసి, తిరిగి, ఆ తర్వాతే డ్రాయింగు గీసేవాడు. ఈ అలవాటే హైదరాబాద్‌కి పనికొచ్చింది.

హైదరాబాద్ రాకముందు మూడు పనులు

ఆయన చేసినవి చాలా ఉన్నాయి. మూడే చెబుతాను. మూడూ నీళ్ల పనులే.

మొదటిది సుక్కూర్. సింధు నది ఒడ్డున ఉన్న ఊరు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. మన సైట్లలో ఉన్న సింధీ డ్రైవర్లని అడిగితే కథలు కథలుగా చెబుతారు. 1890ల్లో ఆ ఊరికి తాగునీళ్లు ఇవ్వాలి. నది నీళ్లు బురద. ఫిల్టర్ బెడ్లు కట్టడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఈయన నది పడకలోనే, ఒడ్డుకి దగ్గరగా బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరి వచ్చే నీరు దానంతట అదే వడకట్టుకుని బావిలోకి చేరుతుంది. దాన్ని పంపు చేసి ఊరికి ఇచ్చారు. ఖరీదైన ఫిల్టర్ చేసే పనిని నది ఇసుకతో చేయించారన్నమాట.

రెండోది పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్. అక్కడ నీళ్లు ఇంకా ఎక్కువ నిలపాలి, కానీ కట్ట ఎత్తు పెంచకూడదు. దానికి ఆటోమేటిక్ గేట్లు తయారుచేశారు. మామూలుగా మూసుకుని ఉండి, మత్తడి మీద సుమారు 8 అడుగుల నీటిని అదనంగా నిలుపుతాయి. వరద వచ్చి మట్టం దాటితే మనిషి చెయ్యి లేకుండా తెరుచుకుంటాయి. వరద తగ్గితే మూసుకుంటాయి. 1903లో అక్కడ బిగించారు, పేటెంటు కూడా వచ్చింది. ఇక్కడే ఆయన బాగా ఆలోచించింది ఒకటుంది: డ్యామ్ అంటే నీళ్లు దాచే గిన్నె ఒక్కటే కాదు, వరదని ఎప్పుడు ఎంత వదలాలో చెప్పే తలుపు కూడా.

మూడోది మనకి దగ్గరి విషయం. 1906లో ఆయన్ని అరబ్బు నేలకి పంపారు. ఎర్ర సముద్రం మూలన ఉన్న అడెన్‌కి. ఇప్పుడు యెమెన్‌లో ఉంది, అప్పుడు బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండేది. వానలు లేని ఊరు, తాగునీళ్లకి కరువు, మురుగు పోయే దారి లేదు. ఆయన ఊళ్లో కూర్చుని ప్లాను గీయలేదు. ఊరికి ఉత్తరాన లాహెజ్ వైపు వెళ్లి, పైన కొండల్లో పడే వాన ఎటు పోతుందో చూశారు. ఎండిపోయినట్టు కనిపించే నది పడక కింద నీరుంది, దాన్ని బావులతో తీసి ఊరికి తేవచ్చు అని రిపోర్టు ఇచ్చారు. మనకంటే ఎంతో ముందు గల్ఫ్ ఎండలో నీళ్ల లెక్క వేసిన తెలుగింటి మనిషి ఈయన.

1908లో బొంబాయి సర్వీసు వదిలేశారు. చీఫ్ ఇంజినీరు లాంటి పెద్ద కుర్చీలు అప్పుడు తెల్లవాళ్లకే దక్కేవి. ఐరోపా దేశాల్లో కట్టడాలు చూస్తూ తిరుగుతుండగా నిజాం ప్రభుత్వం నుంచి కబురొచ్చింది.

1908 సెప్టెంబర్ 28

ఆ రోజు మూసీ హైదరాబాద్ మీద పడింది. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వైపు వంతెనలు దెబ్బతిన్నాయి. నదికి రెండు పక్కలా ఉన్న బస్తీలు కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు సుమారు 15 వేల మంది అని ఎక్కువగా చెబుతారు. వేల ఇళ్లు నేలమట్టం అయ్యాయి. అప్పటి ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టుని ఇంకా చూపిస్తారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ జనానికి తన మహళ్ల తలుపులు తెరిపించారు.

ఆ వరద ఎంత ఉంటుందో మన కొలతలో చూద్దాం. మూసీలో ఆ రోజు గరిష్ఠంగా పారింది సుమారు 4.25 లక్షల క్యూసెక్కులు అని లెక్క. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. మొత్తం సెకనుకి 1.2 కోట్ల లీటర్లు. మన సైటుకి వచ్చే 5,000 గ్యాలన్ల ట్యాంకర్లు ఉంటాయి గదా, అవి 500కి పైగా ఒక్క సెకనులో ఖాళీ చేసినట్టు. తర్వాతి సెకనులో ఇంకో 500. అలా గంటల తరబడి.

ఆయన ముందు చూసింది ఊరిని కాదు

1909లో ఆయన హైదరాబాద్ వచ్చారు. అందరూ అడిగింది ఒకటే: నది ఒడ్డున గోడలు ఎంత ఎత్తు కట్టాలి? ఏ ఇంజినీరుకైనా ముందు తట్టేది అదే. నీళ్లు గోడ దాటాయి, గోడ పెంచుదాం.

ఆయన మాత్రం నది పైకి వెళ్లారు. మూసీకి, దాని ఉపనది ఈసీకి నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో ఆ ప్రాంతమంతా సర్వే చేయించారు. అక్కడ బయటపడిన లెక్క చూడండి: ఆ నేలంతా కలిపి 788 చెరువులున్నాయి. దాదాపు ప్రతి చదరపు మైలుకీ ఒక చెరువు. ఆ వానకి వాటిలో 221 చెరువులకి గండి పడింది.

ఇది అర్థమైతే మొత్తం అర్థమైనట్టే. మన ఊళ్లలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి వస్తుంది. అన్నీ గట్టిగా ఉన్నంతసేపూ ఆ గొలుసు వరదని ఆపుతుంది. పై చెరువు కట్ట తెగితే, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. స్కాఫోల్డింగ్‌లో పై లిఫ్టు కూలితే కింది లిఫ్టులు వరసగా కూలినట్టు. ఊరిని ముంచింది ఆ వాన నీళ్లూ, అంతకుముందు నుంచి చెరువుల్లో ఉన్న నీళ్లూ కలిసి.

కాబట్టి ఊళ్లో ఎంత ఎత్తు గోడ కట్టినా లాభం లేదు. ఆపాల్సింది పైనే.

రెండు జలాశయాలు, ఒక గరాటు

1909 అక్టోబర్‌లో రిపోర్టు ఇచ్చారు. ఊరికి కొద్ది మైళ్ల పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలి. అవే ఇప్పటి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. ఉస్మాన్ సాగర్‌నే మనం గండిపేట అంటాం.

అవి వరదని ఎట్లా ఆపుతాయో గరాటుతో చెబుతాను. జనరేటర్‌లో డీజిల్ పోసేటప్పుడు గరాటు పెడతాం. క్యాను ఒక్కసారి వంచితే డీజిల్ పొర్లి కింద పోతుంది. డీజిల్ ఎక్కువై పొర్లలేదు, గరాటు మూతి మింగగలిగినదానికంటే వేగంగా పోశాం కాబట్టి పొర్లింది. ఊళ్లో పారే మూసీ ఆ గరాటు మూతి. దాన్ని వెడల్పు చేయాలంటే రెండు పక్కలా ఊరుని కూల్చాలి. అంతకంటే పోసే వేగం తగ్గించడం సులువు.

జలాశయం చేసేది అదే. వరద ఉధృతంగా వచ్చే ఆ కొన్ని గంటలూ నీటిని తన కడుపులో పెట్టుకుంటుంది. ఊరు తట్టుకోగలిగినంతే గేట్ల నుంచి వదులుతుంది. అందుకే ఆయన వానాకాలంలో వరద కోసం జలాశయంలో కొంత ఖాళీ ఉంచాలన్నారు. మిగతా రోజుల్లో అదే నీరు ఊరికి తాగడానికి. ఒకే కట్టడం, రెండు పనులు.

ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. విశ్వేశ్వరయ్య గారు రిపోర్టు ఇచ్చిన ఏడాదే మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. 1912 నుంచి 1918 దాకా అక్కడ దివాన్. కావేరి మీద కృష్ణరాజసాగర్ ఆయన హయాంలోనే మొదలైంది. కాబట్టి హైదరాబాద్‌లో మట్టి తవ్వి, రాయి పేర్చి, ఏళ్ల తరబడి నిలబడి కట్టించింది స్థానిక ఇంజినీర్లు, మేస్త్రీలు, వడ్డెర్లు, పాలమూరు లాంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలు. ఆ తరం హైదరాబాద్ ఇంజినీర్లలో పెద్ద పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌ది. నిజాం సాగర్ కూడా ఆయన పనే. తెలంగాణ ప్రభుత్వం ఆయన పుట్టినరోజు జులై 11ని ఇంజినీర్స్ డేగా చేస్తుంది. విశ్వేశ్వరయ్య గారి సెప్టెంబర్ 15 దేశమంతటికీ ఇంజినీర్స్ డే. రెండు రోజులూ మనవే.

భూమి కింద పని

వరదతో పాటు ఆయన ఇంకో జబ్బు కూడా పట్టుకున్నారు. అది మురుగు. అప్పట్లో హైదరాబాద్ మురుగు బయటి కాలువల్లో పారి మూసీలో కలిసేది. కలరా, ప్లేగు రోజులవి.

ఆ కాలంలో ఈ పనికి ఇంజినీర్లకి పాఠం లండన్. 1858లో అక్కడ థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు సభ్యులే ముక్కులు మూసుకున్నారు. జోసెఫ్ బజాల్‌గెట్ అనే ఇంజినీరు నది ఒడ్డు వెంట భూమి కింద పెద్ద మురుగు కాలువలు కట్టి, మురుగు నదిలో పడకముందే పట్టుకుని ఊరి దిగువకి తీసుకెళ్లాడు. విశ్వేశ్వరయ్య గారు హైదరాబాద్‌కి చెప్పింది కూడా ఈ దారే: మురుగు భూమి కింద పైపుల్లో ఊరు దాటాలి, నదిలో పడకూడదు. 1920ల్లో ఆయన్ని మళ్లీ పిలిచి డ్రైనేజీ ప్లాను చూపించుకున్నారు.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వెడల్పు చేశారు. వరద తిన్న మూసీ ఒడ్డునే హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఈరోజు ఫొటోల్లో కనిపించే పాత హైదరాబాద్ అందం చాలావరకు ఆ వరద తర్వాత పుట్టిందే.

దోహాలో మనం చేసే పని కూడా ఆ బాటలోదే. ఇన్నర్ దోహా కింద లోతైన మురుగు లైన్లు, అబూ హమూర్ టన్నెల్, ముసైమీర్ నుంచి సముద్రం కిందికి వెళ్లే వాననీటి టన్నెల్ ఉన్నాయి. వాటిలో పనిచేసినవాళ్లు మన శ్రోతల్లో ఉన్నారు. తాగునీళ్లకి ఉమ్ సలాల్, అల్ తుమామా లాంటి 5 చోట్ల మెగా రిజర్వాయర్లు కట్టారు. ఇక్కడ నది లేదు, సముద్రపు నీరు శుద్ధి చేసి దాచుకోవాలి. అయినా సూత్రం అదే: రావాల్సిన నీరు దాచాలి, పోవాల్సిన నీటికి దారి ఇవ్వాలి. మ్యాన్‌హోల్లో దిగి పనిచేసిన ఏ తమ్ముడైనా తన పని చిన్నదనుకోకూడదు. నగరం నిలబడేది దాని మీదే.

మరి ఇప్పుడు ఎందుకు మునుగుతోంది?

ఎపిసోడ్ విన్నవాళ్లు వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఇది. జలాశయాలు కట్టారు గదా, మరి 2000లో, 2020లో హైదరాబాద్ ఎందుకు మునిగింది? 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకి ఎట్లా వచ్చాయి?

కారణాలు రెండు. ఒకటి, జంట జలాశయాలు తమకి పైన పడిన వానని మాత్రమే ఆపగలవు. ఇప్పుడు నగరం వాటికి కింద, చుట్టూ, అన్ని వైపులా పెరిగింది. ఊరి మీదే పడిన వానకి అవి ఏం చేయలేవు. సిమెంటు నేలలో నీరు ఇంకదు, మొత్తం రోడ్డు మీదికి వస్తుంది.

రెండోది, ఆయన లెక్కపెట్టించిన ఆ చెరువులు. వాటి గొలుసు తెగింది. కొన్నిటిని పూడ్చారు, కొన్నిటి మత్తడి కాలువల మీద ఇళ్లు లేచాయి. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. 1908లో జరిగిందే, చిన్న ఎత్తున. జంట జలాశయాలని కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో వచ్చింది, దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక మన ప్లాటు సంగతి

ఇక్కడే ఆ 788 చెరువులు మన జేబులోకి వస్తాయి. గల్ఫ్ డబ్బుతో కొనే ప్లాట్లు చాలావరకు హైదరాబాద్ శివార్లలోనే. 2024లో హైడ్రా వచ్చాక చెరువుల్లో కట్టిన ఇళ్లు కూల్చడం మనం ఫోన్లలో చూశాం. మా క్యాంపులో ఒక తమ్ముడు ఏడేళ్ల ఓవర్‌టైమ్ డబ్బు పెట్టి కొన్న ప్లాటు చెరువు హద్దులో ఉందని తర్వాత తెలిసింది. రిజిస్ట్రేషన్ అయింది, కాగితాలన్నీ ఉన్నాయి. ఇల్లు కట్టడానికి మాత్రం పర్మిషన్ రాదు.

ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవల్. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీత. ఉస్మాన్ సాగర్ ఎఫ్‌టీఎల్ సముద్రమట్టానికి 1790 అడుగులు. ప్రతి చెరువుకీ ఇట్లాంటి ఒక మట్టం ఉంటుంది. వేసవిలో ఆ గీత లోపల నేల ఎండి, చదునుగా, ప్లాటు వేయడానికి ముద్దుగా కనిపిస్తుంది. ఆ గీత బయట ఇంకొంత బఫర్ జోన్. పెద్ద చెరువులకి, అంటే 10 హెక్టార్లు ఆపైన ఉన్నవాటికి, 30 మీటర్లు. చిన్నవాటికి 9 మీటర్లు. ఈ రెండిట్లోనూ ఇల్లు కట్టకూడదు.

కొనేముందు ఇవి చూడండి:

1. సర్వే నంబర్ అడగండి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతికి, ఎఫ్‌టీఎల్ మ్యాపులో ఆ నంబర్ పడిందేమో చూడండి.
2. "పట్టా భూమి అన్నా" అంటే ఆగిపోకండి. ఎఫ్‌టీఎల్ లోపల కూడా పట్టా భూములుంటాయి. సాగు చేసుకోవచ్చు, కట్టడానికి వీల్లేదు.
3. ఈసీలో అప్పులు, అమ్మకాలు కనిపిస్తాయి. చెరువు కనిపించదు. ఈసీ క్లియర్ అని ధైర్యపడొద్దు.
4. లేఅవుట్ పర్మిషన్ నంబర్, రెరా నంబర్ తీసుకుని ఆ వెబ్‌సైట్లలో మీరే కొట్టి చూడండి. బ్రోచర్ మీద ముద్రించినది నమ్మొద్దు.
5. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు చూడొచ్చు. 2020 అక్టోబర్ తర్వాతి ఫొటో దొరికితే చూడండి. మీ ప్లాటు మీద నీళ్లు కనిపిస్తే అంతకంటే సాక్ష్యం వద్దు. ఇది దోహాలో మంచం మీద కూర్చుని చేయగలిగే పని.
6. ఇంట్లోవాళ్లని చూడమంటే వేసవిలో కాదు, ఆగస్టు, సెప్టెంబర్‌లో పంపండి. ప్లాటుని మాత్రమే కాదు, దానికి పైన ఏముందో చూసి రమ్మనండి. ఎత్తున చెరువు ఉందా, దాని మత్తడి కాలువ ఎటు పోతుందో ఆ ఊరి ముసలాళ్లని అడగమనండి.

ఆరోది రాస్తుంటే నాకనిపించింది, విశ్వేశ్వరయ్య గారు 1909లో చేసింది సరిగ్గా ఇదే. ఊరు ఎందుకు మునిగిందని అడిగితే ఆయన ఊరికి పైకి వెళ్లి చూశారు.

1955లో ఆయనకి భారతరత్న ఇచ్చారు. నూరేళ్ల వయసులో, 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ఆయన చెప్పిచ్చిన రెండు జలాశయాలు వందేళ్ల నుంచి అక్కడే ఉన్నాయి.

ప్లాటు కాగితాల్లో ఏదైనా అర్థం కాకపోతే సర్వే నంబర్, ఊరి పేరు మాత్రం మాకు పంపండి. ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరికీ పంపొద్దు, మాకూ పంపొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపు ఫోన్‌లో ఎట్లా చూడాలో ఒక్కో మెట్టుగా చెబుతాం. ఎండ జాగ్రత్త, నీళ్లు తాగుతూ ఉండండి.